మూడేళ్ల గ్రాంటు సరే, నాలుగో ఏడాది జీతం ఎవరిస్తారు?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఒకసారి చెబుతాను. మీ ప్రాథమిక బడిలో 3వ తరగతి నుంచి వారానికి రెండు పీరియడ్లు ఒక విదేశీ భాష చెప్పించాలనుకుంటున్నారు. ఒక ఫౌండేషన్ మూడేళ్లపాటు డబ్బు ఇస్తామంటోంది. అందులో టీచరుకు ఎంత, పుస్తకాలకు ఎంత, లాంగ్వేజ్ ల్యాబుకు (హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని భాష నేర్చుకునే గదికి) ఎంత పెట్టాలన్నది మీ ప్రశ్న. ఫ్రెంచా, జర్మనా, చైనీసా అన్నది ఇంకా తేలలేదన్నారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా బడుల్లో ఇలాంటి కార్యక్రమాలు నడిపాను. తర్వాత కొన్నాళ్లు గ్రాంటు దరఖాస్తులు చదివి మార్కులు వేసే కమిటీలోనూ కూర్చున్నాను. బల్లకు ఇటూ అటూ కూర్చుని చూశాక చెబుతున్నాను: మొదలుపెట్టడానికి డబ్బు ఎలాగోలా దొరుకుతుంది. కొత్త పని అంటే దాతలకు ముచ్చట. ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటోలు ఉంటాయి. ఐదో ఏడాది అదే పాఠం అదే తరగతిలో మామూలుగా జరుగుతుంటే దానికి డబ్బు ఇవ్వడానికి ఎవరికీ ఉత్సాహం ఉండదు. అందుకే పంపకాల లెక్క కంటే ముందు, గ్రాంటు లేని నాలుగో ఏడాది బడ్జెట్ రాయండి. అది రాయలేకపోతే ఆ గ్రాంటు తీసుకోకండి, లేదా దాని షరతులు మార్పించుకోండి.

అన్నిటికంటే ముందు గంటలు లెక్కపెట్టాలి. పీరియడు 40 నిమిషాలనుకుందాం. వారానికి రెండు, ఏడాదికి 36 వారాలు. అంటే ఏడాదికి 48 గంటలు, 5వ తరగతి పూర్తయ్యేసరికి 144. ఇది కాగితం మీది మాట. పరీక్షలు, ఆటల పోటీలు, వార్షికోత్సవం రిహార్సళ్లు వచ్చినప్పుడల్లా అందరి కన్నూ ముందు పడేది ఈ పీరియడు మీదే, ఎందుకంటే దీనికి పబ్లిక్ పరీక్ష లేదు. 120 గంటలు మిగిలితే అదృష్టం. ఇప్పుడు దీని పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పడానికి ఫ్రెంచ్, స్పానిష్ లాంటి వాటికి సుమారు 600 నుంచి 750 తరగతి గంటలు, చైనీస్, జపనీస్, అరబిక్, కొరియన్ భాషలకు సుమారు 2,200 గంటలు లెక్క వేసుకుంటుంది. వాళ్లు పెద్దవాళ్లు, ఉద్యోగం కోసం పట్టుదలగా నేర్చుకునేవాళ్లు. మీ దగ్గరున్నది 120 గంటలు.

కాబట్టి దరఖాస్తులో ‘పిల్లలు అనర్గళంగా మాట్లాడతారు’ అని రాయకండి. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నేను మార్కులు తగ్గించేవాణ్ణి. యూరప్ వాళ్ల భాషా స్థాయిల కొలమానంలో ఎ1 అని మొదటి మెట్టు ఉంది. తన గురించి నాలుగు మాటలు చెప్పడం, చిన్న వాక్యాలు చదవడం, నెమ్మదిగా అడిగితే బదులివ్వడం. ఫ్రెంచ్ లాంటి భాష అయితే మీ 120 గంటల్లో ఆ మెట్టు మీద కాలు మోపవచ్చు. చైనీస్ అయితే లిపి నేర్చుకోవడానికే చాలా సమయం పోతుంది కాబట్టి, మాట్లాడే వరకే లక్ష్యం పెట్టుకోండి.

‘చిన్నప్పుడు మొదలుపెడితే ఇట్టే పట్టేస్తారు కదా’ అని మీ కమిటీలో ఎవరో ఒకరు అంటారు. ఇంట్లో, వీధిలో రోజంతా ఆ భాష చెవిన పడుతుంటే నిజమే. వారానికి 80 నిమిషాల బడికి ఆ మాట వర్తించదు. బ్రిటన్‌లో 1964 నుంచి పదేళ్లు 8 ఏళ్ల పిల్లలకు ఫ్రెంచ్ నేర్పే పెద్ద ప్రయోగం జరిగింది. 1974లో క్లేర్ బర్స్టాల్ బృందం నివేదిక వచ్చింది. 11 ఏళ్లకు మొదలుపెట్టినవాళ్లతో పోలిస్తే, 16 ఏళ్లు వచ్చేసరికి ముందుగా మొదలుపెట్టినవాళ్లకు పెద్దగా ఆధిక్యం మిగలలేదని తేలింది, ఒక్క విని అర్థం చేసుకోవడంలో తప్ప. ఆ నివేదిక తర్వాత అక్కడ ప్రాథమిక ఫ్రెంచ్‌కు నిధుల ఊపు పోయింది. బార్సిలోనాలో కార్మెన్ మున్యోస్ బృందం ఇంగ్లిష్ మీద చేసిన అధ్యయనంలోనూ ఇలాంటిదే బయటపడింది. తరగతి గంటలు సమానంగా ఉంటే, కాస్త పెద్ద వయసులో మొదలుపెట్టిన పిల్లలే వేగంగా ముందుకు వెళ్లారు.

మొదలుపెట్టొద్దని కాదు దీని అర్థం. ఉచ్చారణ, భయం లేకపోవడం, వేరే భాష వింటే కుతూహలం పుట్టడం లాంటివి చిన్న వయసులో బాగా అబ్బుతాయి. కానీ డబ్బు ఇచ్చేవాడికి తప్పుడు ఆశ పెడితే మూడో ఏడాది మూల్యాంకనంలో మీరే ఇరుక్కుంటారు.

గంటలయ్యాక మనుషులు. 3, 4, 5 తరగతులు, ఒక్కోదానికి రెండు సెక్షన్లు అంటే వారానికి 12 పీరియడ్లు. పూర్తి ఉద్యోగం చేసే టీచరు 24 పీరియడ్లు చెబుతారనుకుంటే మీకు కావలసింది సగం టీచరు. అసలు తలనొప్పి ఇక్కడే ఉంది. సగం జీతానికి వచ్చినవాళ్లు పూర్తి జీతం దొరికిన రోజు వెళ్లిపోతారు, అదీ విద్యాసంవత్సరం మధ్యలో. పక్క బడితో పంచుకుంటే రెండు బడుల మధ్య తిరగడానికే కొన్ని పీరియడ్లు పోతాయి. ఆ ప్రయాణ సమయానికీ జీతం లెక్కగట్టాలని ఎవరికీ గుర్తుండదు. నేను చదివిన దరఖాస్తుల్లో నూటికి తొంభై ఆ పద్దు వదిలేసినవే.

నేను మొదట్లో చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. ఒక బడికి రెండేళ్ల గ్రాంటు వచ్చింది. బయటి నుంచి ఒక అమ్మాయిని తెచ్చాం. భాష బ్రహ్మాండంగా వచ్చు, పాడుతుంది, బొమ్మలు వేస్తుంది, పిల్లలు ఆమె వెంటే తిరిగేవారు. ఆమె తరగతిలో ఉన్నంతసేపు క్లాస్ టీచర్లు స్టాఫ్‌రూమ్‌లో నోటుబుక్కులు దిద్దుకునేవారు. నేనూ అదే సౌకర్యం అనుకున్నాను. రెండో ఏడాది సగంలో ఆమెకు వేరేచోట ఉద్యోగం వచ్చింది. తర్వాతి సోమవారం ఆ పీరియడ్లో ఏం చేయాలో ఆ భవనంలో ఒక్కరికీ తెలియదు. పలకరింపు పాట కూడా పిల్లలకే వచ్చు, టీచర్లకు రాదు. మిగిలిన డబ్బుతో గడువు లోపల ఖర్చు చూపించాలని హెడ్‌ఫోన్లు కొన్నాం. గ్రాంటు పూర్తిగా ఖర్చయిందని చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ చక్కగా వచ్చింది. భాష పోయింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. గ్రాంటు డబ్బులో సింహభాగం ఇప్పటికే మీ జీతాల పట్టీలో ఉన్న టీచర్ల మీద పెట్టాలి. గ్రాంటు ఆగిపోయినా వాళ్ల జీతం ఆగదు. ఇద్దరు ముగ్గురు ఆసక్తి ఉన్నవాళ్లను ఎంచుకోండి. వాళ్లకు భాష నేర్పించండి, పిల్లలకు ఎలా చెప్పాలో నేర్పించండి. పిల్లల కంటే రెండు మెట్లు పైన ఉంటే చాలు, ప్రాథమిక స్థాయికి సరిపోతుంది. ఇందులో పెద్ద ఖర్చు కోర్సు ఫీజు అనుకుంటారు. కాదు. టీచరు శిక్షణకు వెళ్లిన రోజుల్లో ఆమె తరగతిని ఎవరు చూసుకోవాలి? ఆ ప్రత్యామ్నాయ టీచరుకు ఇచ్చే డబ్బే అసలు ఖర్చు. దీన్ని బడ్జెట్లో విడిగా ఒక వరుసగా రాయండి. రాయకపోతే శిక్షణ ఆదివారాలకు జారుతుంది, రెండు నెలలకు హాజరు పడిపోతుంది.

బయటి మనిషి అసలు వద్దనను. మొదటి ఏడాది తప్పకుండా కావాలి. కానీ ఆమె పాఠం చెప్పేటప్పుడు క్లాస్ టీచరు తరగతిలోనే ఉండాలి. ఇది ఒప్పందంలో ఉండాలి, మాటమీద వదిలేయకూడదు. ఇంగ్లండులో 2005 నుంచి టీచర్లకు బోధన సమయంలో కనీసం పదో వంతు పాఠాల తయారీకి వదలాలన్న నియమం ఉంది. చాలా ప్రాథమిక బడులు ఆ ఖాళీని భాష చెప్పడానికి వచ్చే టీచరుతో నింపుతాయి. లెక్కల ప్రకారం గొప్ప ఉపాయం: ఎలాగూ పెట్టాల్సిన ఖర్చులోనే భాష వచ్చేస్తోంది. అయితే క్లాస్ టీచరు చెవిన ఆ భాష ఒక్క మాట కూడా పడదు. నేను హెడ్‌ఫోన్లు కొన్న కథే అది. మీరు ఈ ఉపాయం వాడదలిస్తే రెండు పీరియడ్లలో ఒకదానికి వాడండి, రెండోది క్లాస్ టీచరే తీసుకోవాలి.

ఉరుగ్వేలో దీన్ని ఇంకోలా పరిష్కరించారు, చూసి నేర్చుకోదగ్గది. అక్కడ ఇంగ్లిష్ వచ్చిన ప్రాథమిక టీచర్లు కావలసినంత మంది లేరు. 2007 నుంచి పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచిన ప్లాన్ సెయిబాల్ అనే ప్రభుత్వ పథకం ఉంది. 2012లో దాని కింద బ్రిటిష్ కౌన్సిల్‌తో కలిసి వీడియో పాఠాలు మొదలుపెట్టారు. వారానికి ఒక పాఠం దూరాన ఉన్న టీచరు తెర మీద చెబుతారు. మిగతా రెండు పాఠాలు క్లాస్ టీచరే నడిపిస్తారు, ఆమె కూడా పిల్లలతోపాటు నేర్చుకుంటూనే. గమనించండి, తెర వచ్చింది కదా అని క్లాస్ టీచరును పక్కన పెట్టలేదు. ఇంకోటి, వాళ్లకు ఇంటర్నెట్టు, పరికరాలు అప్పటికే ఉన్నాయి, అవి ఈ కార్యక్రమం ఖాతాలో పడలేదు. మీ బడిలో అవి లేకుంటే ఈ పద్ధతి చవక అనుకోకండి.

అమెరికాలో యూటా రాష్ట్రం దారి వేరు. 2008లో చట్టసభ నిధులిచ్చి రెండు భాషల బోధన మొదలుపెట్టింది. పిల్లలు సగం రోజు ఇంగ్లిష్‌లో, సగం రోజు స్పానిష్, చైనీస్, ఫ్రెంచ్ లాంటి భాషలో లెక్కలు, సైన్సు వగైరా నేర్చుకుంటారు. రెండు సెక్షన్లు, ఇద్దరు టీచర్లు, మధ్యాహ్నం తరగతులు మారుతారు. ఇద్దరు టీచర్లు ఎలాగూ ఉండాలి కదా, వారిలో ఒకరు ఆ భాష వచ్చినవారు. అదనపు ఉద్యోగం లేదు. గంటలు చూస్తే మన 80 నిమిషాలకూ దానికీ పోలికే లేదు. అలాంటి టీచర్లు దొరకడమే కష్టం, అందుకే బయటి దేశాల నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. మీ స్థాయి బడికి ఇది ఇప్పుడే కుదరదు. కానీ ‘అదనపు సబ్జెక్టు అంటే అదనపు జీతం’ అన్న లెక్క ఒక్కటే లెక్క కాదని తెలియాలని చెప్పాను.

ఇక డబ్బు ఇచ్చేవాళ్ల సంగతి. ప్రభుత్వమైనా, ఫౌండేషనైనా, విదేశీ సాంస్కృతిక సంస్థైనా అందరికీ ఒక ఇష్టమైన మాట ఉంటుంది: పైలట్ ప్రాజెక్టు, అంటే ముందు ప్రయోగంగా చేసి చూడటం. ఆ మాట వినగానే జాగ్రత్తపడండి. ఐర్లండులో 1998లో ప్రాథమిక బడుల్లో ఆధునిక భాషల కార్యక్రమం పైలట్‌గా మొదలైంది. 500 పైచిలుకు బడులకు వ్యాపించింది. అయినా పాఠ్యప్రణాళికలో శాశ్వత సబ్జెక్టుగా ఎక్కలేదు. 2011 డిసెంబరు బడ్జెట్లో, దేశం అప్పుల్లో ఉండగా, దాన్ని ఒక్క గీతతో కొట్టేశారు. 2012లో మూతపడింది. ఆ డబ్బు చదవడం, రాయడం, లెక్కల మెరుగుదలకు పోతుందన్నారు. దానికి ఎవరు అడ్డు చెప్పగలరు? పద్నాలుగేళ్లు నడిచినది ఇంకా ప్రయోగం ఎలా అవుతుందని మాత్రం అడగవచ్చు. సొంత పద్దులేని కార్యక్రమాన్ని కోయడం తేలిక.

అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం 1988లో తెచ్చిన విదేశీ భాషల సహాయ పథకానికీ అదే గతి పట్టింది. జిల్లాలకు మూడేళ్ల చొప్పున గ్రాంట్లు వచ్చేవి. 2012 ఆర్థిక సంవత్సరానికి నిధులు పోయాయి. ఆ పథకం బతికున్న కాలంలోనే అక్కడ విదేశీ భాష చెప్పే ప్రాథమిక బడులు 1997లో 31 శాతం ఉంటే, 2008కి 25 శాతానికి తగ్గాయి. మూడేళ్ల గ్రాంట్లతో తలుపు తెరుచుకుంటుంది కానీ తెరిచే ఉండదు.

ఇంగ్లండు కథలో ఇంకో మలుపు. 2002లో ప్రభుత్వం, 2010 కల్లా 7 నుంచి 11 ఏళ్ల పిల్లలందరికీ భాష నేర్చుకునే అవకాశం ఇస్తామని ప్రకటించింది. శిక్షణకు, సలహాదారులకు విడిగా నిధులు వచ్చాయి. 2011లో ఆ విడి నిధులు ఆగాయి. సలహాదారుల ఉద్యోగాలు చాలాచోట్ల పోయాయి. ఆ తర్వాత, 2014లో, భాషను తప్పనిసరి చేశారు! డబ్బు ఉన్నప్పుడు తప్పనిసరి కాదు, తప్పనిసరి అయ్యేసరికి డబ్బు లేదు. అదే కాలంలో, 2013లో, ప్రాథమిక బడుల్లో ఆటలకు మాత్రం ప్రత్యేక నిధి మొదలైంది. ఫలితం అక్కడి టైంటేబుళ్లు చూస్తే తెలిసిపోతుంది. చాలా బడుల్లో భాషకు దక్కేది వారానికి అరగంట, ముప్పావుగంట. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టడమంటే ఇదే.

విదేశీ సాంస్కృతిక సంస్థల సాయం గురించి కూడా అడిగారు. అడగండి, మొహమాటం అక్కర్లేదు. జర్మన్ ఎంచుకుంటే, జర్మనీ ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన పాష్ కార్యక్రమం ద్వారా ప్రపంచవ్యాప్తంగా సుమారు 2,000 బడులతో సంబంధం పెట్టుకుంది. శిక్షణ, సామగ్రి, పిల్లలకు కోర్సులు ఇస్తుంది. ఫ్రెంచ్‌కు, స్పానిష్‌కు కూడా అలాంటి సంస్థలున్నాయి. వీళ్ల దగ్గర జీతాల కోసం డబ్బు అడగకండి, టీచర్ల శిక్షణ అడగండి. వాళ్లు బాగా ఇవ్వగలిగింది అదే. చైనీస్ విషయంలో ఒక హెచ్చరిక: చైనా నుంచి టీచర్లను, పుస్తకాలను పంపే కన్‌ఫ్యూషియస్ తరగతులు చాలా దేశాల్లో వచ్చాయి. రాజకీయ గాలి మారగానే కొన్నిచోట్ల వరసగా మూతపడ్డాయి. స్వీడన్‌లో 2020 నాటికి చివరిది కూడా మూసేశారు. తప్పు ఎవరిదన్న చర్చలోకి నేను వెళ్లను. మీ టీచరు జీతం రెండు దేశాల సంబంధాల మీద వేలాడకూడదు, అంతే.

తల్లిదండ్రుల నుంచి ఫీజు వసూలు చేద్దామన్న ఆలోచన మీ సందేశంలో ఒక మూల కనిపించింది. బడి అయ్యాక క్లబ్బు అయితే సరే. బడి వేళల్లో వద్దు. కట్టగలిగిన ఇళ్ల పిల్లలు ఒక గదిలో, కట్టలేని పిల్లలు ఇంకో గదిలో కూర్చున్న రోజు ఆ భాష పేరు చెబితేనే సగం పిల్లలకు గిట్టదు. నేను కళ్లారా చూశాను.

ఏ భాష అన్నదానికి నా సమాధానం చప్పగా ఉంటుంది: మీ పిల్లలు వెళ్లే హైస్కూలులో ఏ భాష ఉందో అది. అక్కడ అది లేకపోతే, లేదా ఉన్నా 6వ తరగతిలో అందరినీ అక్షరాల నుంచి మొదలుపెట్టిస్తే, మీరు పెట్టిన 120 గంటలూ బూడిదలో పోసినట్టే. బర్స్టాల్ కాలం నుంచి నేటివరకు ప్రతిచోటా మొదట తెగే లంకె ఇదే. దీన్ని సరిచేయడానికి పెద్ద డబ్బు అక్కర్లేదు. ఏడాదికి రెండు రోజులు మీ టీచరూ హైస్కూలు టీచరూ కలిసి కూర్చోవాలి. ఆ రెండు రోజుల ఖర్చు బడ్జెట్లో రాయండి. ఫౌండేషన్ వాళ్లకు ఈ వరుస నచ్చుతుంది, ఎందుకంటే దాదాపు ఎవరూ రాయరు.

ఇప్పుడు ఫౌండేషన్ దగ్గర ఏం అడగాలో చెబుతాను. మూడేళ్లూ సమానంగా ఇచ్చే బదులు ఐదేళ్లకు సాగదీసి, ఏటా తగ్గిస్తూ ఇవ్వమనండి. మొత్తం అదే. మొదటి ఏడాది ఖర్చంతా వాళ్లది, చివరి ఏడాదికి వాళ్లది పిసరంత, మిగతాది బడి మామూలు బడ్జెట్లోకి మెల్లగా ఎక్కాలి. ఒక్కసారిగా ఎక్కించాలంటే ఏ మేనేజ్‌మెంటూ ఒప్పుకోదు, ఏటా కొంచెం అంటే ఒప్పుకుంటుంది. మేనేజ్‌మెంటు నుంచి ఆ మేరకు తీర్మానం సంతకాలతో ముందే తీసుకుని దరఖాస్తుకు జతచేయండి. నేను దరఖాస్తులు చదివే రోజుల్లో అలాంటి కాగితం జతచేసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే, వాళ్ల ఫైలు పైకి వెళ్లేది. హెడ్‌మాస్టరు బదిలీ అయితే ఆ తీర్మానమే మీకు దిక్కు. ఉత్సాహం ఉన్న హెడ్‌మాస్టరు వెళ్లిపోవడం వల్ల ఆగిన కార్యక్రమాలు, డబ్బు లేక ఆగినవాటి కంటే తక్కువేమీ కాదు.

పంపకం ఎలా అంటే, నేనైతే స్థూలంగా సగానికి పైగా టీచర్ల శిక్షణకూ ఆ రోజుల్లో వాళ్ల తరగతులు చూసే ప్రత్యామ్నాయ టీచర్లకూ పెడతాను. మూడో వంతు వరకు మొదటి ఏడాది, ఏడాదిన్నర పాటు బయటి టీచరుకు. మిగిలింది కథల పుస్తకాలు, బొమ్మల కార్డులు, ఒక మంచి స్పీకరు. పాఠ్యపుస్తకం ప్రతి పిల్లవాడికీ కొనకండి, తరగతికి ఒక సెట్టు, ఒక సెక్షన్‌కు సరిపడా, పెట్టుకుంటే రెండు సెక్షన్లూ వంతులవారీగా వాడుకుంటాయి. హైస్కూలుతో కలిసే రెండు రోజుల ఖర్చు కూడా ఇందులోనే సరిపోతుంది.

ల్యాబు మాత్రం వద్దు. ఎనిమిదేళ్ల పిల్లవాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుని భాష నేర్చుకోడు, ఎదురుగా మనిషి కావాలి. ఫౌండేషన్ వాళ్లు ల్యాబు తలుపు మీద పేరు పలక కావాలని పట్టుబడితే, ఆ పలక కథల పుస్తకాల బీరువాకు పెడతామనండి. నేను ఒకసారి అలాగే చెప్పాను, ఒప్పుకున్నారు.